జావ చిక్కదనం ఏ భాషలో చెప్పాలి?

2018లో మొదలైన పోషణ్ అభియాన్ అంగన్‌వాడీ కార్యకర్తల పోషకాహార శిక్షణను ఆన్‌లైన్‌లోకి తెచ్చింది. దానిని మేము స్వాగతిస్తున్నాము. అయితే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ముస్లిం వాడల్లో ఎందరో తల్లుల ఇంటి భాష ఉర్దూ. ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలతోపాటు పెట్టే రాగిజావ చిక్కగా ఉండాలి. పలుచనైతే కడుపు నిండుతుందేగాని బలం చేరదు. కార్యకర్త ఫోనులో నేర్చిన ఈ మాటను తెలుగు రాని నానమ్మకు సైగలతో చెప్పగలదా? పిల్లల తిండి నిర్ణయించేది చాలా ఇళ్లలో ఆమే మరి.

2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. ఆ హోదా కార్యాలయాల బోర్డులకే పరిమితమైతే పసిబిడ్డలకు ఒరిగేదేమిటి? శిక్షణ పాఠాలు ఉర్దూలోనూ రావాలి. ఈ వాడల కేంద్రాల్లో ఖాళీలు భర్తీ చేసేటప్పుడు రెండు భాషలూ తెలిసిన స్థానిక మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము.