అచ్చుతప్పుకు అంత ధర ఎందుకు?

రెజ్యూమేలో ఒక్క అక్షరం తప్పు పడితే మనకు గుండె జారిపోతుంది. అమెరికాలో మాత్రం సరిగ్గా అలాంటి తప్పు కోసమే లక్షల రూపాయలు పోసేవాళ్లున్నారు. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన బేస్‌బాల్ కార్డుల్లో షెర్రీ మగీ అనే ఆటగాడి ఇంటిపేరులో ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఐ’ పడింది. త్వరగానే గమనించి సరిదిద్దారు. దాంతో తప్పు కార్డులు కొన్నే మిగిలాయి. పాత కార్డులు సేకరించేవాళ్లు వాటి కోసం పోటీ పడతారు.

‘తప్పులే విజయానికి మెట్లు’ అని చెప్పబోతున్నానని అనుకోకండి. ఇంకో కార్డు చూడండి. 1957లో టాప్స్ కంపెనీ హోమ్‌రన్ల వీరుడు హ్యాంక్ ఆరన్ ఫొటో నెగెటివ్‌ని తిరగేసి అచ్చేసింది. కుడిచేతి బ్యాటర్ కాస్తా ఎడమచేతి వాటం అయిపోయాడు! కంపెనీ దాన్ని సరిదిద్దనే లేదు. అంటే ఆ సెట్‌లోని ఆరన్ కార్డులన్నీ తప్పువే. వాటికి మంచి ధరే ఉంది, కానీ అది ఆరన్ పేరుకి. తప్పుకంటూ అదనంగా ఏమీ రాదు. ఇక సిరా మరకల్లాంటి లోపాలుంటే మామూలుగా ధర తగ్గుతుంది.

నాకు అర్థమైంది ఇదీ: మగీ కార్డు తప్పుకి విలువ తెచ్చింది, దాని పక్కనే ఉన్న సరిదిద్దిన కార్డు.

మీ ప్రాజెక్టుకీ ఇదే లెక్క. ఫ్రెషర్‌గా తిరిగే రోజుల్లో ‘అంతా సాఫీగా జరిగింది సార్’ అనేవాణ్ని. ఎదుటివాళ్లు తలూపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయేవారు. ఒకసారి మాత్రం, మా అటెండెన్స్ యాప్ ఒకే విద్యార్థికి రెండుసార్లు హాజరు వేసిందని నోరుజారాను. ఎలా పట్టుకున్నారు, ఏం మార్చారు అంటూ ఇరవై నిమిషాలు అడిగారు. ఆ ఉద్యోగం రాలేదు. కానీ నా పని గురించి ఎవరైనా నిజంగా అడిగింది అప్పుడే. తర్వాతి ఇంటర్వ్యూల్లో ఆ సంగతి నేనే ముందు చెప్పాను.

అందుకే పాత కోడ్‌ని చెరిపేయకండి. తప్పేంటి, ఎలా దొరికింది, ఏం మార్చారు... ఈ మూడూ రాసి పెట్టుకోండి.

రెజ్యూమే సంగతంటారా? పంపేముందే దిద్దండి. ఒకే తప్పుతో యాభై కంపెనీలకు వెళ్లిన రెజ్యూమే ఆరన్ కార్డు లాంటిదే. కాకపోతే, మనం ఆరన్‌లం కాదు కదా!