మూసీ నీరును బొగ్గుపొడియును

పాతబస్తీకిని ఉత్తరపుగట్టునకును నడుమ బాఱు మూసీ నేడు పేరునకు మాత్రమే నదియై యున్నది. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన నీ నది పొంగి వేలకొలది జనులను బొట్టన బెట్టుకొనెను. ఆ భయముచేతనే ఎగువను 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మింపబడినవి. వరదభయము తగ్గెను. ఇప్పటి భయము వేఱు. అది పొంగి రాదు, చప్పుడు చేయదు, పెక్కుమాఱులు కంటికిని గనబడదు.

పాతబస్తీకి దక్షిణపు దిక్కున కాటేదాను పారిశ్రామికవాడ కలదు. అచ్చటి పనులే యెన్నో కుటుంబములకు గూడు పెట్టుచున్నవి. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు జెందిన శాస్త్రజ్ఞులు 2008లో బ్రకటించిన వ్యాసమున, ఆ వాడ మట్టిలో సీసము, క్రోమియము, నికెలు, జింకు మున్నగు లోహములు మిక్కుటముగా నున్నవని చూపిరి. మందుల కర్మాగారములకు బేరొందిన పటాన్‌చెరువు స్థితి యింతకంటె విస్మయకరము. సుమారు 90 కర్మాగారముల మురుగునీరు చేరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములను బ్రకటించిరి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్సాసిను అను మందు వారికి గనబడెను. ఆ మందు పుచ్చుకొను రోగి నెత్తుటిలో నుండు పరిమాణముకంటె నిది హెచ్చు. అది శుద్ధి జరిగిన పిదపటి నీరని చదువరులు గమనింతురు గాక!

ఇట్టి విషములను నీటినుండి వేఱుచేయు మార్గములలో అధిశోషణ మొకటి. స్పంజి నీటిని దనలోనికి బీల్చుకొనుట శోషణము. ఒక పదార్థము తన పైతలమునకు మఱియొకదాని నంటించుకొని పట్టియుంచుట అధిశోషణము. బొగ్గున కీ గుణము మెండు. రంగెక్కిన ద్రవములను బొగ్గుపొడి తేటపఱచునని లోవిట్జు అను రసాయనజ్ఞుడు 1785లోనే కనుగొనెను. మన అవ్వలు బురదనీటిలో చిల్లగింజ నరగదీసి కలుపుట యెఱుగనివా రుండరు. కాని యది వేఱు సంగతి: చిల్లగింజ తేలాడు మంటిరేణువులను గూర్చి అడుగునకు దింపునేకాని, నీటిలో గరగియున్న విషమును దీయుట కది చాలదు.

కొబ్బరిచిప్పలను గాలి తగులకుండ గాల్చి, ఆ బొగ్గునకు మిక్కిలి వేడియావిరి తగిలించినచో నందు లెక్కకు మించిన సూక్ష్మరంధ్రము లేర్పడును. దీనినే ఉత్తేజిత కర్బన మందురు. ఒక్క గ్రాములోని రంధ్రముల తలమంతయు విప్పి పఱచగలిగినచో వేయి చదరపు మీటర్ల వఱకును, ఒక్కొక్కప్పు డంతకు మించియు నుండును. విద్యార్థులారా, ఒక గాజుపాత్రలో నీరు పోసి రెండు చుక్కల సిరా వేసి, యీ పొడిని గలిపి, కొంతసేపు కదపి వడపోసి చూడుడు. పొయ్యిబొగ్గుతో గూడ బ్రయత్నింపవచ్చును. అది యంత బాగుగా బనిచేయదు, ఏలయన దాని రంధ్రములు తక్కువ.

ఊక, చెఱకుపిప్పి, చింతగింజల పొట్టు, వేరుసెనగ తొక్కలు మొదలగు చవుక వస్తువులతోడను బరిశోధనలు విరివిగా జరిగినవి. వ్యాసములు కుప్పతెప్పలుగా వెలువడినవి. ఇవి మెచ్చదగినవే. అయినను వానిలో పెక్కింట బరీక్షకు దీసికొన్నది, శుభ్రమైన నీటిలో గరగించిన ఏదో యొక లోహము. కర్మాగారపు కాలువ యంత సాధువు కాదు. షడ్వేలన్సీ క్రోమియమును బొగ్గు మిగుల బుల్లని నీటిలో బాగుగా బట్టును. అంత పులుపున్న నీటిలో సీసమును సరిగా బట్టజాలదు. మందుల కర్మాగారముల నీటిలో మెండుగా నుండు ఉప్పును బొగ్గు తీయనే తీయదు. కావున అన్ని విషములకు నొకే మందు లేదు.

దీనినిబట్టియే నా యభిప్రాయమును విన్నవింతును. బొగ్గుతొట్టి యుండవలసినది నదియొడ్డున గాదు, ఉమ్మడి కేంద్రపు తుదనుమాత్రమే కాదు. ప్రతి కర్మాగారపు తూము వద్ద నుండవలెను. అచ్చట నీరు కొంచెము, విషము చిక్కన, దాని పేరు యజమానికి దెలిసినదే. పలువురి నీరు కలిసిన పిమ్మట నెవరి దేదియో తేల్చుట కష్టము. పటాన్‌చెరువు కేంద్రపు నీటిని గొట్టముద్వారా నగరపు మురుగునీటిలో జేర్చి అంబరుపేట కేంద్రమునకు బంపు నేర్పాటు జరిగినది. అంబరుపేట కేంద్రము దినమునకు 33 కోట్ల 90 లక్షల లీటర్లకై కట్టబడినది. అంత నీటిలో గలిసిన విషము పలుచనగును, తగ్గదు. నదిలో విడుచు పారిశ్రామికజలమున షడ్వేలన్సీ క్రోమియము లీటరునకు 0.1 మిల్లీగ్రాము మించరాదని నిబంధన యున్నది. పలుచన చేసి లెక్కకు సరిపెట్టుట శుద్ధి యనిపించుకొనునా?

చిన్న పనిశాలవాడు ఖర్చు భరింపలేడను మాట వినబడుచుండును. అది యబద్ధము కాదు. వానిని మూయించినచో గూలివాని పొయ్యియు నారును. అందుచే నొక్కొక్క వాడకు జేరి యొక యుమ్మడి కొలిమి నెలకొల్పి, వాడిన బొగ్గును దిరిగి కాల్చి ఉత్తేజితము చేసి యిచ్చుట మేలు. సేంద్రియవిషములు పట్టిన బొగ్గున కీ పద్ధతి చెల్లును. రంగులు, మందులు పట్టినది వేఱు, లోహములు పట్టినది వేఱుగా నుంచవలెను. లోహము కాల్చినంతమాత్రమున నశింపదు.

ఈ యంశమును దల్లిదండ్రులు ముఖ్యముగా గుఱుతుంచుకొందురు గాక. అధిశోషణము విషమును జంపదు, చోటు మార్చును; నీటిలోని సీసము బొగ్గులోనికి వచ్చును. అట్టి బొగ్గు దుండిగల్లువద్ద నున్న ప్రమాదకర వ్యర్థముల కేంద్రమునకు బోవలెనేకాని, బస్తాలలో జౌకగా నమ్ముడుపోయి యిటుకబట్టీలకు గాని, వంటపొయ్యిలకు గాని చేరరాదు. పనిశాలనుండి నల్లనిపొడి యింటికి దెచ్చు నలవాటున్నచో, అది యే తొట్టిలోనిదో ముందు విచారింపవలెను.