అమ్మకాల ప్రతినిధి కార్మికుడా, కాదా? కొత్త కోడ్‌లలోనూ తేలని పాత చిక్కు

రాత్రి షిఫ్టు నడుస్తుండగా కర్మాగారంలో కన్వేయర్ బేరింగు పట్టేస్తే, మెయింటెనెన్స్ ఇంజినీరు ముందుగా ఫోన్ చేసేది ఆ బేరింగును తయారు చేసిన సంస్థకు కాదు. దాన్ని సరఫరా చేసే పంపిణీ సంస్థలోని అమ్మకాల ప్రతినిధికి. గోదాములో సరుకు ఉందో లేదో చూసి, లేకుంటే పక్క ఊరి డీలరు వద్ద నుంచి తెప్పించి, తెల్లవారేలోగా గేటు దగ్గరకు చేర్చే బాధ్యత అతనిదే. పర్చేజ్ ఆర్డరు ఆ తరువాత ఎప్పుడో చేతికి వస్తుంది. బిల్లు సొమ్ము ఇంకా ఆలస్యంగా వస్తుంది. దాన్ని రాబట్టే పనీ అతనిదే. ఇంత చేసిన మనిషిని, టార్గెట్ అందుకోలేదన్న కారణంతో కంపెనీ తొలగిస్తే, కార్మిక న్యాయస్థానం మెట్లు ఎక్కే హక్కు అతనికి ఉందా? అరవై ఏళ్లుగా సుప్రీంకోర్టు తీర్పులు మొత్తం మీద చెబుతున్న సమాధానం ఒక్కటే: లేదు.

2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. ఇరవై తొమ్మిది కేంద్ర చట్టాలు వాటిలో కలిసిపోయాయి. గిగ్ కార్మికుల సామాజిక భద్రత, ఏడాదికే గ్రాట్యుటీ, రాత్రి షిఫ్టుల్లో మహిళలు వంటి అంశాలపై విస్తృతంగా చర్చ జరిగింది. కలిసిపోయిన చట్టాల్లో 1976 నాటి అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగుల చట్టం కూడా ఉందన్న సంగతి మాత్రం మందుల కంపెనీల ప్రతినిధుల సంఘాలను దాటి పెద్దగా బయటకు రాలేదు. బేరింగులు, వాల్వులు, ఆయిల్ సీళ్లు, వి-బెల్టులు, గ్లౌజులు, హెల్మెట్లు మోసుకుంటూ పారిశ్రామిక వాడల చుట్టూ తిరిగే ప్రతినిధులకు ఈ మార్పుతో నేరుగా సంబంధం ఉంది.

అరవై ఏళ్ల నిర్వచనం

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ‘కార్మికుడు’ అన్న మాటను పని స్వభావాన్ని బట్టి నిర్వచించింది. శారీరక, నైపుణ్య, సాంకేతిక, గుమస్తా పనులు అందులో ఉన్నాయి. అమ్మకం లేదు. 1961లో మే అండ్ బేకర్ కేసులో సుప్రీంకోర్టు ఈ లోటునే పట్టుకుంది. ప్రతినిధి ప్రధానంగా చేసేది సరుకుకు గిరాకీ తేవడం; అతడు రాసే నివేదికలు, చేసే లెక్కలు అందుకు అనుబంధం మాత్రమే; కాబట్టి అతడు కార్మికుడు కాడని తేల్చింది.

పారిశ్రామిక సరఫరా రంగానికి ఇంతకంటే దగ్గరి తీర్పు 1970లో బర్మా షెల్ కేసులో వచ్చింది. అందులో ‘సేల్స్ ఇంజినీరింగ్ రిప్రజెంటేటివ్’ అన్న హోదా కూడా విచారణకు వచ్చింది. కొనుగోలుదారులకు సాంకేతిక సలహా ఇచ్చినా, ఆ సలహా అమ్మకాన్ని పెంచేందుకే కనుక, అది సాంకేతిక పని కిందికి రాదని ధర్మాసనం అభిప్రాయపడింది.

ఈ వాదన కాగితం మీద సబబుగానే ఉంటుంది. ఫ్యాక్టరీ నేల మీద అంత తేలికగా నిలవదు. 6205 అన్న అంకె చూసి అది 25 మిల్లీమీటర్ల షాఫ్టుకు సరిపోయే బేరింగని చెప్పడం మొదటి మెట్టు మాత్రమే. ఆ అంకె వెనుక ‘టూ ఆర్‌ఎస్’ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు. ‘జడ్ జడ్’ అని ఉంటే లోహపు రేకు. ‘సీ3’ అని ఉంటే లోపల మామూలు కంటే ఎక్కువ సందు. దుమ్ము చేరే చోట ఏది వాడాలో, వేడెక్కే మోటారుకు ఏది కావాలో తప్పు చెబితే కొత్త బేరింగు నెల తిరగకుండానే పోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లోనైనా, ముంబయి నాగ్‌దేవి వీధిలోనైనా ఈ విద్య ఉన్నవారి దగ్గరకే ఇంజినీర్లు వెళతారు. సాంకేతిక పరిజ్ఞానమే సరుకైన చోట, సాంకేతిక పని ఎక్కడ ముగిసి అమ్మకం ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం ఏ కోర్టుకైనా కష్టమే. అయినా గీత గీశారు. అది ప్రతినిధికి అవతలి వైపు పడింది.

1983లో ఎల్‌ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరు కార్మికుడేనని సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పడంతో కొంత ఆశ పుట్టింది. కానీ 1994లో అద్యంతాయ వర్సెస్ శాండోజ్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం, పాత తీర్పులను గమనించకుండా ఇచ్చిన నిర్ణయమంటూ దాన్ని పక్కన పెట్టింది. నిర్వచనంలో పేర్కొన్న పనుల్లో ఏదో ఒకటి చేస్తున్నట్టు తేలితేనే కార్మికుడవుతాడని, మినహాయింపుల్లో లేనంత మాత్రాన సరిపోదని స్పష్టం చేసింది.

ఈలోగా పార్లమెంటు తెచ్చిన మార్గం 1976 చట్టం. మందుల పరిశ్రమ ప్రతినిధులకు అది పారిశ్రామిక వివాదాల చట్టాన్ని వర్తింపజేసింది. ఇతర పరిశ్రమలను నోటిఫికేషన్ ద్వారా చేర్చుకునే వెసులుబాటు కేంద్రానికి ఇచ్చింది. ఆ వెసులుబాటును వాడుకుని పది పరిశ్రమలను చేర్చడానికి 2011 దాకా పట్టింది. ఆ జాబితాలో రంగులు, వార్నిష్‌లు ఉన్నాయి. విద్యుత్ ఉపకరణాలు, వాహనాల విడిభాగాలు ఉన్నాయి. సబ్బులు, బిస్కెట్లు, శీతల పానీయాలూ ఉన్నాయి. కర్మాగారాలకు నిత్యం కావలసిన మరమ్మతు, నిర్వహణ సామగ్రికి మాత్రం ప్రత్యేకంగా చోటు దక్కలేదు. వేల రకాల వస్తువులు ఒకే కేటలాగులో అమ్మే పంపిణీ సంస్థ ప్రతినిధి పొద్దున పెయింటు డబ్బా అమ్మి, మధ్యాహ్నం బేరింగు అమ్మితే అతని రక్షణ పూటకొక తీరుగా ఉండాలా అన్న ప్రశ్నకు ఆ నోటిఫికేషన్‌లో జవాబు లేదు.

ఒకే మాట, రెండు కొలతలు

కొత్త కోడ్‌లు ఈ అయోమయాన్ని సగం తొలగించి, మిగతా సగాన్ని కొత్త రూపంలో నిలబెట్టాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగి నిర్వచనం విశాలంగా ఉంది. ఏ సంస్థలోనైనా అమ్మకాలు లేదా వ్యాపారం పెంచే పని చేసేవారు అందులోకి వస్తారు. నిర్వాహక, పరిపాలన హోదాల్లోని వారినీ, నెలకు 18,000 రూపాయలకు మించిన వేతనంతో పర్యవేక్షణ చేసేవారినీ మినహాయించారు. పరిశ్రమల జాబితా ప్రసక్తి లేదు.

అయితే తొలగింపు, వివాదం, సంఘం వంటి అంశాలను చూసేది ఈ కోడ్ కాదు. పారిశ్రామిక సంబంధాల కోడ్. అందులోని ‘కార్మికుడు’ నిర్వచనంలో శారీరక, నైపుణ్య, సాంకేతిక పనుల పాత వరుసే కొనసాగింది. దాని చివర పాత్రికేయులను, అమ్మకాల ప్రోత్సాహక ఉద్యోగులను చేర్చారు. (ఈ రెండు వృత్తులూ చట్టం గడపలో పక్కపక్కనే నిలబడటం యాదృచ్ఛికం కాదు, కార్మికులా కాదా అని చట్టం ఇన్నేళ్లు తడబడింది ఇద్దరి విషయంలోనూ.) కానీ ఆ ఉద్యోగులు ఎవరన్నదానికి కోడ్ చూపించేది 1976 చట్టంలోని సెక్షన్ 2 క్లాజ్ (డి)ని. ఆ క్లాజ్‌లోని ‘సంస్థ’ అన్న మాటకు అదే చట్టంలో అర్థం వేరుగా ఉంది: మందుల పరిశ్రమ, లేదా నోటిఫై చేసిన పరిశ్రమ. అంటే పని పరిస్థితుల విషయంలో బేరింగులు అమ్మే ప్రతినిధి లోపలి మనిషి. ఉద్యోగం పోయిన రోజున బయటి మనిషి కావచ్చు. రెండు కోడ్‌లనూ పార్లమెంటు 2020 సెప్టెంబర్‌లో ఒకే విడతలో ఆమోదించింది.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. ఒక చట్టాన్ని రద్దు చేసి దాని స్థానంలో మరొకటి తెచ్చినప్పుడు, ఇతర చట్టాల్లో పాతదాని ప్రస్తావన ఉంటే దాన్ని కొత్తదానికి సంబంధించినదిగా చదవాలని జనరల్ క్లాజెస్ చట్టంలోని సెక్షన్ 8 చెబుతోంది. 1976 చట్టం రద్దయింది కనుక విశాలమైన కొత్త నిర్వచనమే వర్తించాలని ఉద్యోగుల పక్షం వాదించవచ్చు. ఉద్దేశపూర్వకంగానే పాత నిర్వచనాన్ని ప్రస్తావించారని యాజమాన్యాలు చెప్పవచ్చు. రెండింటిలో మొదటి వాదనే బలంగా కనిపిస్తోంది. రద్దయిన చట్టంలోని పరిశ్రమల జాబితాను బతికించి ఉంచడం వల్ల ఒనగూడే ప్రయోజనం ఏమిటో ఊహించడం కష్టం. అయినా న్యాయస్థానం చెప్పేవరకు అది వాదన మాత్రమే.

తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు మరో ఆసరా ఉంది. రెండు చోట్లా వాడుకలో ఉన్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు నిరంతరంగా పనిచేసిన ఉద్యోగిని సహేతుకమైన కారణం లేకుండా, నెల నోటీసు గానీ అందుకు బదులు వేతనం గానీ ఇవ్వకుండా తొలగించరాదు. నిర్ణయంపై అప్పీలుకూ వెళ్లవచ్చు.

కమీషన్ ఎక్కడ నిలిచింది?

వేతనాల కోడ్‌తో వచ్చే మార్పు మరింత వెంటనే జేబుకు తగులుతుంది. మూల వేతనం, కరువు భత్యం వేతనంలో భాగం. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం, కమీషన్ వంటివి కావు. అయితే ఈ మినహాయింపులు మొత్తం ప్రతిఫలంలో సగాన్ని మించితే, మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. ఉదాహరణకు ఒక ప్రతినిధికి నెలకు 40,000 రూపాయలు అందుతూ, అందులో మూల వేతనం, కరువు భత్యం కలిపి 14,000 మాత్రమే అనుకుంటే, మిగిలిన 26,000లో సగానికి మించిన 6,000 వేతనంలో చేరుతుంది. గ్రాట్యుటీ వంటివాటికి లెక్క 14,000 మీద కాక 20,000 మీద ఉంటుంది. మూల వేతనం తక్కువగా చూపి మిగతాదాన్ని భత్యాలుగా, కమీషన్‌గా ఇచ్చే పద్ధతికి ఇది గట్టి దెబ్బే.

కానీ అదే నిర్వచనం ఇంకో చోట ప్రతినిధికి ఎదురు తిరుగుతుంది. ఉద్యోగి మానేసినా, తొలగించినా రెండు పనిదినాల్లో వేతన బకాయి చెల్లించాలని కోడ్ ఆదేశిస్తోంది. కమీషన్ వేతనం కాకపోతే, సగానికి మించిన భాగాన్ని మినహాయించి, అది ఆ గడువులోకి రాదు. అమ్మకాల రంగంలో ఉద్యోగం మారేవారి అసలు గొడవంతా నెలాఖరు జీతం గురించి కాదు. గత త్రైమాసికంలో సంపాదించి, ‘వసూలయ్యాక ఇస్తాం’ అన్న మాట మీద ఆగిపోయిన ఇన్సెంటివ్ గురించే. టార్గెట్ ఆధారంగా ఇచ్చే ఇన్సెంటివ్‌ను కమీషన్ అనాలా, జీతంలో భాగమనాలా అన్నదీ వివాదం కాక తప్పదు.

వసూళ్ల మాటకు వస్తే, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోగా సొమ్ము చెల్లించాలి. 2023 ఆర్థిక చట్టం ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) ఈ గడువుకు కోరలు ఇచ్చింది. గడువు దాటితే, చెల్లించిన ఏడాదిలోనే ఆ ఖర్చుకు మినహాయింపు దక్కుతుంది. పెద్ద పంపిణీ సంస్థ తన చిన్న తయారీదారులకు 45 రోజుల్లో ఇవ్వాల్సిందే. తాను పెద్దది కనుక, తన కొనుగోలుదారుల నుంచి అదే గడువును కోరే హక్కు దానికి లేదు. వారు అరువు పొడిగించుకుంటూ పోతే మధ్యలో ఏర్పడిన సందును పూడ్చేది బ్యాంకు అప్పు, లేదా ప్రతినిధిపై ఒత్తిడి. చిన్న తయారీదారును కాపాడేందుకు తెచ్చిన నిబంధన భారం చివరకు ఎవరి భుజం మీద దిగిందో విధానకర్తలు చూసినట్టు లేదు.

వేతనం నుంచి ఏయే కోతలు వేయవచ్చో కోడ్ జాబితా ఇచ్చింది. ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టం అందులో ఉంది. కొనుగోలుదారు డబ్బు ఎగ్గొట్టడం లేదు. ఇన్సెంటివ్‌ను చేతికి రాకముందే సర్దుబాటు చేసుకునే సంస్థకు మాత్రం కోత అన్న మాటతోనే పనిలేదు.

ఈ మధ్యలో పని స్వరూపమూ మారుతోంది. 2016లో మొదలైన ప్రభుత్వ ఈ-మార్కెట్ ‘జెమ్’ వల్ల ప్రభుత్వ రంగ సంస్థల కొనుగోళ్లలో ధర అందరికీ కనిపిస్తోంది. 2015లో మొదలైన మోగ్లిక్స్ వంటి వేదికలు ప్రైవేటు కర్మాగారాలకూ అదే సౌలభ్యం తెచ్చాయి. పర్చేజ్ అధికారి రేటు కోసం ఇక ప్రతినిధి మీద ఆధారపడనక్కరలేదు. మామూలు బోల్టులు, గ్లౌజుల అమ్మకంలో మనిషి అవసరం తగ్గుతుంది. మిగిలేది ఏ సీలు ఏ వేడికి నిలుస్తుందో చెప్పగలిగే పని. అంటే ప్రతినిధి రోజురోజుకూ సాంకేతిక ఉద్యోగికి దగ్గరవుతున్నాడు. 1970 నాటి తీర్పును మళ్లీ పరీక్షకు పెట్టడానికి ఇంతకంటే మంచి సందర్భం రాకపోవచ్చు.

హోదాల సంగతి ఎలాగూ ఉంది. కింద ఒక్కరూ లేని ‘ఏరియా సేల్స్ మేనేజర్’లు ఈ రంగంలో కొల్లలు. హోదాను కాక ప్రధానంగా చేసే పనిని చూడాలన్నది కోర్టులు స్థిరపరచిన సూత్రమే. అయితే ఆ వాదన వినిపించాలంటే ముందు ట్రైబ్యునల్ దాకా వెళ్లాలి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వడం కొత్త కోడ్ ప్రకారం తప్పనిసరి కనుక, చేతిలో కనీసం ఒక కాగితమైనా ఉంటుంది. తొలగింపును వ్యక్తిగతంగా సవాలు చేసే గడువు మాత్రం పాత చట్టంలో మూడేళ్లుండగా కొత్త కోడ్‌లో రెండేళ్లకు తగ్గింది. కోడ్‌లు అమల్లోకి వచ్చిన నాడే ఉద్యోగం కోల్పోయిన ప్రతినిధి ఎవరైనా ఉంటే, అతని గడువు 2027 నవంబర్‌తో ముగుస్తుంది.