తనఖాకు ఉన్న పది శాతం

కొత్తగా లేచే ప్రతి పెద్ద అపార్టుమెంటులోనూ కొన్ని ఫ్లాట్లు తక్కువ జీతగాళ్లకు, మధ్యతరగతికి అందే ధరకు ఇవ్వాలన్నది వాటా ఇళ్ల విధానం. కేంద్రం 2007లో ప్రకటించిన జాతీయ పట్టణ గృహ, ఆవాస విధానం కొత్త ప్రాజెక్టుల్లో 10 నుంచి 15 శాతం భూమిని బలహీన, అల్పాదాయ వర్గాలకు వదలమంది. మహారాష్ట్ర 2013లో పెద్ద నగరాల్లో 4,000 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాలకు 20 శాతం చిన్న ఇళ్ల నిబంధన పెట్టింది. న్యూయార్క్‌లో 2016 నుంచి జోనింగ్ మార్చి ఎక్కువ అంతస్తులకు అనుమతిస్తే, 20 నుంచి 30 శాతం విస్తీర్ణం అందుబాటు అద్దెల ఇళ్లకు పోతుంది.

అదనపు అంతస్తులిచ్చి ఇళ్లు అడిగే ఈ బేరంలో నగరం చేతిలో ఉండే సరుకు ఎఫ్ఎస్ఐ. స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే పరిమితి అది. హైదరాబాద్ దాన్ని 2006లోనే వదులుకుంది. ఆ ఏటి జీవో 86 ఎఫ్ఎస్ఐ పరిమితిని ఎత్తేసి, భవనం ఎత్తును రోడ్డు వెడల్పుకు, చుట్టూ వదలాల్సిన ఖాళీకి, అంటే సెట్‌బ్యాకులకు ముడిపెట్టింది. పేదవాడికి ఒక గది కూడా అడగకుండా అంతస్తులన్నీ ఇచ్చేయడం ఈ నగరం చేసుకున్న పెద్ద తప్పు.

బిల్డర్లు వాటా అనగానే గిట్టుబాటు కాదంటారు. అయితే అనుమతి తీసుకునేటప్పుడు నిర్మిత విస్తీర్ణంలో పది శాతాన్ని కార్పొరేషన్‌కు తనఖా పెట్టడం వాళ్లకు కొత్త కాదు. ప్లాన్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఆ తనఖా విడుదలవుతుంది. ఏ ఫ్లాట్లో, ఏ అంతస్తులో, ఎన్ని గజాలో ముందే కాగితం మీద ఉంటుంది. సెట్‌బ్యాకు కోసం పక్కన పెట్టగలిగిన పది శాతం మనిషి కోసం పక్కన పెట్టలేనిదేమీ కాదు.

ఆ మనుషులు హైదరాబాద్‌లోనే, జూబ్లీహిల్స్ పక్కనున్న కృష్ణానగర్‌లో ఉన్నారు. తెల్లవారకముందే షూటింగ్ బండి కోసం నిలబడే జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, అమీర్‌పేట కోచింగులకు వచ్చిన పిల్లలు, జూబ్లీహిల్స్ ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు చిన్న చిన్న స్థలాల్లో పైకి లేపిన గదుల్లో అద్దెకుంటారు. ఇంత చిన్న ప్లాట్లకు వాటా నిబంధన వర్తించదు, వర్తించనక్కర్లేదు కూడా. వర్తించాల్సింది పక్కనే లేస్తున్న పెద్ద టవర్లకు. ప్రభుత్వం మాత్రం ఇళ్లను ఊరి చివర కడుతుంది. 2023 జూన్‌లో కొల్లూరులో ఒక్కచోటే 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ప్రారంభమయ్యాయి. ఇల్లు మంచిదే. అక్కడి నుంచి తెల్లవారుజామున కృష్ణానగర్‌కు రావడమెలా? సినీ కార్మికుల కోసం మణికొండలో వచ్చిన చిత్రపురి కాలనీ అంతకంటే దగ్గరే, కానీ దాని కోసం ఒక తరం ఎదురుచూసింది.