దంపతుల దేశాటనం

భుజానికి చెరొక సంచి తగిలించుకొని, భార్యాభర్తలిద్దరూ కొన్ని నెలలపాటు దేశదేశాలు తిరిగి వస్తామంటే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట “ఇదేం పిచ్చి?” అని. ఆ తరువాతి మాట “ముందు ఇల్లు, పిల్లలు, ఉద్యోగం చూసుకోండి, యాత్రలకు అరవై దాటాక వెళ్ళవచ్చు” అని. మొదటి మాటను పట్టించుకోనక్కరలేదు. రెండవ మాట మాత్రం జ్ఞానంలా కనిపిస్తుంది గనుక దానిని పరీక్షించాలి.

శ్రీనాథుని కాశీఖండంలో శివశర్మ అనే యాత్రికుడు ఉన్నాడు. మధురాపురవాసి. చదువు, సంపద, సంతానం అన్నీ అనుభవించి, వార్ధక్యం పైబడిన తరువాత ఆస్తిని కొడుకులకు పంచి తీర్థయాత్రకు బయలుదేరాడు. చివరకు మాయాపురిలో, అంటే నేటి హరిద్వారంలో, జ్వరం తగిలి మరణించాడు. పుణ్యలోకాలకు పోయాడు, సందేహం లేదు. కాని నడవగలిగిన వయసులో కదలని మనిషి కథ ఎలా ముగుస్తుందో ఆ ఘట్టం చెప్పకనే చెబుతుంది. ఇంతకూ ఈ కథను చెప్పినవాడు అగస్త్యుడు, విన్నది లోపాముద్ర. వారిద్దరూ అప్పటికి కాశిని విడిచి దక్షిణదేశానికి ప్రయాణమై వచ్చిన దంపతులు. ఒంటరి వృద్ధ యాత్రికుని కథను దారిలో ఉన్న జంట చెప్పుకోవడం నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది.

మనుచరిత్రలో ప్రవరుని సంగతి మీకు తెలిసినదే. తీర్థాలు చూడాలన్న కోరిక అతనికి ఎంతో గాఢం. ఇంటికి వచ్చిన ప్రతి అతిథినీ ఏ దేశం ఎంత దూరమని అడుగుతాడు. ఆ అతిథులకు వేళకాని వేళలో సైతం విసుగులేక వండి వడ్డించినది అతని ఇల్లాలు. ఆమెను పెద్దన అన్నపూర్ణతో పోల్చాడు. కాని సిద్ధుడు ఇచ్చిన పాదలేపం ఒక్క ప్రవరుని పాదాలకే పూశాడు. హిమాలయం చూడాలని ఆమెకూ ఉన్నదా అని కథలో ఎవరూ అడగలేదు. ఈ ప్రశ్న వేస్తే కొందరు మిత్రులు నవ్వుతారు. ప్రబంధాన్ని అలా చదవకూడదంటారు. చదవవచ్చుననే నా అభిప్రాయం. సీత ఈ విషయంలో గట్టిది. అడవికి రావద్దని రాముడు వారించినా వాదించి, ఒప్పించి, వెంట నడిచింది. ఆ నడకే వారిని గోదావరీతీరంలోని పంచవటికి చేర్చింది.

జంటగా మూట కట్టుకొని నడవడం కోనసీమకు కొత్త కాదు. ధవళేశ్వరం దిగువన గోదావరి చీలి, గౌతమి పాయ జొన్నాడ పక్కగా సాగుతుంది. ఈనాడు జొన్నాడ అంటే జాతీయ రహదారి, గౌతమి మీది వంతెన, ఆవలి ఒడ్డున రావులపాలెం. వంతెన లేని కాలంలో ఏటిని పడవ మీదనే దాటాలి. అటువంటి రోజుల్లోనే ఈ ప్రాంతపు దంపతులు సప్తసాగర యాత్ర చేసేవారు. తుల్య, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ అనే ఏడు పాయలూ సముద్రంలో కలిసే చోట్ల స్నానం చేయడమే ఆ యాత్ర. పుష్య బహుళ అమావాస్యనాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో మొదలై మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో ముగుస్తుంది. సంతానం కోరేవారు దీనిని విశేషంగా చేసేవారు. అంటే వారు వృద్ధులు కారు, యువదంపతులు! రేవులు, ఇసుకతిన్నెలు, కొబ్బరితోటలు, తెలియని ఊళ్ళలో రాత్రి బస, మోయగలిగినంతే సామాను: నేటి యువత ‘బ్యాక్‌ప్యాకింగ్’ అని పిలుచుకొంటున్న దానిలో ఇంతకు మించి ఏముంది?

మన యాత్రాసాహిత్యం ఈ వైపు అంతగా చూడలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణం నుండి కాశికి బయలుదేరి 1831లో తిరిగివచ్చారు. ఏ మజిలీలో నీరు మంచిది, ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది అన్న వివరాలు సైతం వదలక రాశారు. ఆయన వెంట కుటుంబమూ, పెద్ద పరివారమూ ఉన్నారు. ఆ బిడారులోని స్త్రీలు ఏమి చూశారో, ఏమనుకున్నారో వారి మాటల్లో మనకు అందలేదు. తరువాతి తరంలో పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు చూసివచ్చి, తెలుగులో రాసుకొన్న దానిని తానే ఆంగ్లంలోకి మార్చి 1876లో మద్రాసులో ‘పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్’ అనే పేరుతో ప్రచురించారు. వీరాస్వామయ్య గారి పేరు తెలిసిన పదిమందిలో ఒక్కరికైనా ఈమె పేరు తెలుసునా అని నా అనుమానం.

కోనసీమవారు ప్రపంచం చూడలేదని ఎవరూ అనలేరు. అమలాపురం, రాజోలు ప్రాంతాల నుండి ఎందరో కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. అందులో ఇళ్ళలో పనికి వెళ్ళిన స్త్రీలూ ఎక్కువే. భార్య అక్కడ, భర్త ఇక్కడ. లేదా అతడు అక్కడ, ఆమె ఇక్కడ. ఇంటికి పాస్‌పోర్టు వచ్చింది గాని దంపతులకు ప్రయాణం రాలేదు. ఎడారి దేశంలో సంవత్సరాలు గడిపిన తల్లికి ఆ దేశపు వంటగది తప్ప మరేమీ తెలియకపోవడం కంటే విచారకరమైన విదేశయాత్ర ఉంటుందా?

దేశాటనం ధనవంతుల విలాసమన్న ఆక్షేపణ ఉన్నది. దానికి కొచ్చిలో టీకొట్టు నడిపిన విజయన్, మోహన దంపతులే సమాధానం. రోజూ కొంత పక్కన పెట్టి, చాలనిదానికి అప్పు తెచ్చి, తిరిగివచ్చి టీ అమ్మి ఆ అప్పు తీర్చేవారు. 2007లో మొదటిసారి విదేశం వెళ్ళారు. 2021లో రష్యా చూసివచ్చేనాటికి ఇరవైకి పైగా దేశాలు తిరిగారు. అదే ఏడాది నవంబరులో విజయన్ మరణించారు. అప్పు చేసి తిరగమని మిమ్మల్ని ప్రోత్సహించడం లేదు. అధ్యాపకునికి అది తగదు కూడా. అయితే పెళ్ళిపందిరికి, విందుకు చేసే అప్పును మర్యాదగానూ, దారిఖర్చుకు చేసే అప్పును దుబారాగానూ లెక్కించే మన గణితం నాకు అర్థం కాదు.

జంటగా వెళ్ళినంత మాత్రాన అంతా సవ్యంగా ఉంటుందనీ కాదు. రైలులో పులిహోర పొట్లాలు విప్పుతూ, బసలో బట్టలు ఉతుకుతూ, పిల్లల మందులు వెతుకుతూ ఆమె గడిపితే, కిటికీ పక్కన అతడు కూర్చుంటే, ఇల్లే చక్రాల మీద కదిలినట్లు. ఎవరి సంచి వారు మోయాలి. దారి ఇద్దరూ అడగాలి. డబ్బు లెక్క ఇద్దరికీ తెలియాలి. తెలియని ఊరిలో బస్సు తప్పిన రాత్రి ఎవరు కంగారుపడతారో, ఎవరు నిబ్బరంగా ఉంటారో ఇంట్లో పదేళ్ళు కాపురం చేసినా బయటపడదు.

ఇందుకు మొదటే పారిస్ వెళ్ళనక్కరలేదు. నేపాల్‌కు మనవారికి ఓటరు గుర్తింపు కార్డు చాలు. అంతకన్నా ముందు చొల్లంగి నుండి అంతర్వేదికి ఆ పాత దారి ఉన్నది. బస్సులున్నా కొన్ని మైళ్ళు నడవాలి, ఒక పాయనైనా పంటు మీద దాటాలి. ఏ సంచిలో అనవసరమైన బరువెంతో ఆ పదకొండు రోజుల్లో ఇద్దరికీ తెలిసిపోతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులు అప్పుడు నింపవచ్చు, రెండూ ఒకేసారి.