లాగుతుంది సరే, మోస్తుందా?

పికప్ ట్రక్కు కొనబోయే మనవాళ్ళకి తెలిసిన ప్రశ్న ఒక్కటే: "ఎంత లాగుద్ది?" అమ్మేవాడికి తెలిసిన జవాబూ ఒక్కటే: "పదకొండు వేల పౌండ్లు!" అడగాల్సింది అది కాదు, చెప్పాల్సిందీ అది కాదు. అయినా ఈ ప్రశ్నాజవాబుల మీదే డెబ్భై వేల డాలర్ల అప్పు పత్రాల మీద సంతకాలైపోతున్నాయి. ఆ తర్వాత ఆ బండికి తొమ్మిది వేల పౌండ్ల క్యాంపర్ తగిలించి, వెనక సీట్లో పిల్లల్ని, ఇండియా నించి వచ్చిన అమ్మానాన్నల్ని కూచోబెట్టుకుని కొలరాడో కొండలెక్కుతున్నారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

కోవిడ్ వచ్చాక ఈ మోజు బాగా ముదిరింది. విమానాలెక్కడానికి భయం, హోటల్లో దిగడానికి భయం, సరే మన ఇల్లు మనమే ఈడ్చుకుపోదాం అనుకున్నారు జనం. 2021లో ఈ దేశంలో ఆర్‌వీలు ఆరు లక్షల పైచిలుకు ఫ్యాక్టరీ గేటు దాటాయి, అది రికార్డు. మా ఆఫీసులోనే ముగ్గురు కొన్నారు. మంచి సరదానే, నేనేం కాదనను. ఎల్లోస్టోన్ పక్కన పొద్దున్నే లేచి మన గిన్నెలో మనం పెట్టుకున్న ఫిల్టర్ కాఫీ తాగడం కన్నా ఏం కావాలి! నా గొడవ క్యాంపర్తో కాదు, దాని ముందు కట్టే బండితో.

సరే, విషయంలోకొద్దాం. లాగడం వేరు, మోయడం వేరు. ఇది అర్థం కావడానికి మెకానికల్ ఇంజనీరింగ్ అక్కర్లేదు, ఊళ్ళో ఎద్దుబండికి బస్తాలెత్తడం చూసినవాడికి ఎవడికైనా తెలుసు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. ముందుకి ఎక్కువైతే ఎద్దుల మెడలు వాస్తాయి. బండి మొత్తం బరువు చక్రాలు మోసినా, కొంత భాగం ఎద్దు మెడ మీద పడే తీరుతుంది. మన క్యాంపర్ కూడా అంతే. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు వెనక హిచ్ మీద నిలువుగా కూచుంటుంది. దాన్నే టంగ్ వెయిట్ అంటారు. ఆ బరువు ట్రక్కు 'లాగేది' కాదు, 'మోసేది'. అంటే మీ ఆవిడా, మీ పిల్లలూ, మీ ఐస్‌పెట్టే లాగే అది కూడా ట్రక్కెక్కిన సామానే.

మరి ట్రక్కు ఎంత మోస్తుంది? ఆ అంకె ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉండదు. డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద పసుపూ తెలుపూ కలిసిన ఓ చిన్న స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని రాసి ఉంటుంది. అదే పేలోడ్. ఆ మోడల్ మొత్తానికి కాదు, ఫ్యాక్టరీలో తయారైన ఆ ఒక్క బండికి సంబంధించిన అంకె అది. తోలు సీట్లు, పైన పొడుగాటి గాజు కప్పు, 22 అంగుళాల చక్రాలు, కరెంటుతో దిగే మెట్లు - ఇవన్నీ బరువే కదా, ఎక్కిన ప్రతిదీ ఆ అంకెలోంచి తగ్గుతుంది. అంటే అదే ట్రక్కులో మామూలు మోడల్ కన్నా టాప్ ఎండ్ మోడల్ కొన్ని వందల పౌండ్లు తక్కువ మోస్తుంది. మనవాళ్ళు కొనేది టాప్ ఎండే అని వేరే చెప్పాలా? :)

ఒక లెక్క వేద్దాం. హాఫ్ టన్ అనబడే జాతి, అంటే ఎఫ్-150, సిల్వరాడో 1500, రామ్ 1500, టండ్రా లాంటివి. (హాఫ్ టన్ అన్నది పాతకాలం పేరు, ఇప్పుడు అర్థమేమీ లేదు.) నాలుగు తలుపులది, ఫోర్ వీల్ డ్రైవ్, స్టిక్కర్ మీద 1,450 పౌండ్లు అనుకోండి. కాస్త హంగులున్న బండికి ఇది మామూలు అంకె, ఇంకా తక్కువవి కూడా డీలరు దగ్గర నేనే చూశాను. దీని లాగే శక్తి 11,000 అని కాగితం మీద ఉంటుంది. క్యాంపర్ ఏమో ముప్ఫై అడుగులది, పిల్లలకి బంకు బెడ్లున్నది. బ్రోషర్లో 7,200 పౌండ్లు అని వేస్తాడు. అది ఖాళీ బరువు. నీళ్ళు లేవు, గిన్నెల్లేవు, దుప్పట్లు లేవు. నీళ్ళొక్కటే గాలనుకి ఎనిమిది పౌండ్ల పైన, నలభై గాలన్ల ట్యాంకు నింపితే 330. ఇక మనం ప్రెషర్ కుక్కరూ, ఇరవై పౌండ్ల సోనామసూరీ, గ్రైండరూ లేకుండా గుమ్మం దాటే జాతా? ప్రయాణానికి తయారయ్యేసరికి 9,000కి తక్కువుండదు. పదమూడు శాతం వేసుకున్నా టంగ్ వెయిట్ 1,170.

హిచ్ సామాను ఇంకో 100. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు కలిసి 440. అమ్మానాన్నలు 300. ట్రక్కు వెనక కట్టెలు, జనరేటరు, ఐస్‌పెట్టె 200. కూడండి. 2,210. స్టిక్కర్ 1,450. 760 పౌండ్లు ఎక్కువ! అమ్మానాన్నల్ని ఇంట్లో వదిలేసి వెళ్ళినా 460 ఎక్కువే. అదే సమయంలో 11,000 లాగే బండికి 9,000 కట్టాం కాబట్టి "ఎనభై శాతమే కదా, బోలెడు మార్జిన్ ఉంది" అని మన హీరో ధీమాగా ఉంటాడు.

వెనక నించి కూడా వేసి చూడండి, ఇంకా బాగుంటుంది. 1,450 లోంచి ఆరుగురు మనుషులు, సామాను, హిచ్ తీసేస్తే మిగిలేది 410. టంగ్ వెయిట్ కి అంతే చోటు. అంటే ఈ సంసారంతో ఆ ట్రక్కు కట్టుకోదగ్గ క్యాంపర్ సుమారు 3,150 పౌండ్లది. పదకొండు వేలు ఎక్కడ, మూడు వేలు ఎక్కడ?

"అయితే కంపెనీ వాడు అబద్ధం చెప్పాడా?" అంటారు. చెప్పలేదు, అదే తెలివి. ఒకప్పుడు ఒక్కో కంపెనీ తనకి తోచినట్టు పరీక్ష పెట్టుకుని తోచిన అంకె వేసుకునేది. అందుకని ఎస్‌ఏఈ జె2807 అని ఒక ప్రమాణం తెచ్చారు. 2011 మోడళ్ళతో టయోటా ముందు ఒప్పుకుంది, మిగతా పెద్ద కంపెనీల హాఫ్ టన్నులు 2015 ప్రాంతానికి దారికొచ్చాయి. మంచి ప్రమాణమే. ఆరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి చడావు మీద పదకొండు మైళ్ళ పైన, ఏసీ పూర్తిగా పెట్టుకుని, గంటకి 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. బ్రేకులకీ, ఊగిసలాటకీ కూడా పరీక్షలున్నాయి. కానీ ఆ పరీక్షలో ట్రక్కులో కూచునేది ఇద్దరు. ఒక్కొక్కరు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు. పిల్లల్లేరు, అత్తగారు లేరు, వెనక కట్టెల్లేవు. మన భాషలో చెప్పాలంటే అది హ్యాపీ పాత్ టెస్టింగ్. ఇద్దరు యూజర్లతో లోడ్ టెస్ట్ చేసి, పాసయిందని ప్రొడక్షన్‌కి తోసేసే ప్రాజెక్టు మేనేజర్ని మనం ఊరుకుంటామా? సాయంత్రం దాకా మెయిళ్ళ మీద మెయిళ్ళు కొట్టి చంపమూ! డెబ్భై వేల డాలర్ల వస్తువు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ బుర్ర ఇంట్లో పెట్టి వెళ్తాం.

ఆమధ్య మా టీమ్‌లో కుర్రాడొకడు "అన్నా, ట్రక్కు చూడ్డానికి వెళ్తున్నా, తోడు రారాదూ" అంటే వెళ్ళాను. డీలరు పేరెందుకు లెండి. అమ్మేవాడు మంచివాడే, నవ్వుతూ కాఫీ ఇచ్చాడు. క్యాంపర్ ఎంత బరువని అడిగాడు, 8,500 అని వీడు చెప్పాడు. "ఇది దర్జాగా లాగేస్తుంది" అన్నాడు. ఇంట్లో ఎంతమందని అడగలేదు. నేను తలుపు తీసి స్టిక్కర్ చూపించాను, 1,287. "ఓ, అదా... అది ట్రక్కులో వేసే సామాన్లకండీ, ట్రైలరుకి కాదు" అన్నాడు! పాపం, వాడికి తెలిసి అన్నాడో తెలీక అన్నాడో గానీ రెండూ ప్రమాదమే. కుర్రాడు నా మొహం చూశాడు. "తమ్ముడూ, ఇంకోటి చూద్దాం పద" అన్నాను.

ఇక అసలైన మహానుభావులున్నారు. "నేను మూడేళ్ళుగా లాగుతున్నా, ఏమీ కాలేదు." నా మెషీన్లో పనిచేస్తోంది అన్నట్టే ఉంది కదా ఈ మాట? టెక్సాస్‌లో చదునుగా ఉన్న రోడ్డు మీద ఏదైనా పనిచేస్తుంది. ఎక్కువ బరువు పడితే బండి ఆ రోజే విరగదు. వెనక భాగం కూలబడి ముందు భాగం తేలికవుతుంది. స్టీరింగ్ చేసేదీ, బ్రేకుల్లో ఎక్కువ పని చేసేదీ ముందు చక్రాలే, వాటికే పట్టు తగ్గుతుంది. వెనక టైర్లు వేడెక్కుతాయి. ఇదంతా కనపడకుండా జరుగుతూ ఉంటుంది. కనపడేది ఎప్పుడంటే, ఐ-70 మీద ఐసన్‌హోవర్ టన్నెల్, పదకొండు వేల అడుగుల పైన, అది దాటి సిల్వర్‌థోర్న్ వైపు ఏడు శాతం వాలులో దిగుతూండగా ముందు కారువాడు సడెన్‌గా ఆగినప్పుడు.

ఇంకో ఘోరం చెప్తాను. ముందు బరువెక్కువైందని తెలిశాక కొంతమంది తెలివిగా క్యాంపర్లో సామానంతా వెనక్కి సర్దుతారు. టంగ్ వెయిట్ తగ్గింది, లెక్క సరిపోయింది, ఆహా! బాబూ, కాడి పైకి లేచిన ఎద్దుబండి అది. టంగ్ వెయిట్ 10 శాతం కన్నా బాగా తగ్గిన ట్రైలరు తోక ఊపడం మొదలుపెడుతుంది. పక్కనించి పద్దెనిమిది చక్రాల లారీ దూసుకెళ్తే ఆ గాలికి ఒక ఊపు, దిగుడులో వేగం పెరిగితే ఇంకో ఊపు, చివరికి తోకే కుక్కని ఆడిస్తుంది. అప్పుడు ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కితే ఇంకా చెడుతుంది. ట్రైలరు బ్రేకు మాత్రమే చేత్తో వేసి, యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యాలి. ఇది ముందు తెలిసినవాళ్ళకే ఆ క్షణంలో గుర్తురావడం కష్టం, తెలియనివాడి సంగతి చెప్పాలా? ఆ ఊగే బండి పక్క లేన్లో ఉన్నవాడు ఏ పాపం చేశాడు?

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉంది కదా అంటారు. ఉండాలి, తప్పకుండా ఉండాలి. టంగ్ వెయిట్‌లో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలరు చక్రాలకీ అది పంచుతుంది నిజమే. 760 పౌండ్లు మాయం చెయ్యదు. పైగా రిసీవర్ మీద ఇంకో స్టిక్కర్ ఉంటుంది, అందులో ఆ హిచ్‌తో ఎంత, అది లేకుండా ఎంత అని రెండంకెలుంటాయి, అవీ చూడాలి. ఎయిర్ బ్యాగులు వేయిస్తే? ట్రక్కు వెనక భాగం పైకి లేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. యాక్సిలూ, టైర్లూ, బ్రేకులూ మాత్రం పాతవే. బీటలు వారిన గోడకి సున్నం కొట్టినట్టు.

మరేం కొనాలి? సంసారం పెద్దది, క్యాంపర్ 8,000 దాటుతుంది అంటే హాఫ్ టన్ మర్చిపోండి. 2500 లేదా ఎఫ్-250 తరగతిలో గ్యాస్ ఇంజన్ది చూడండి, స్టిక్కర్ 3,000 దాటినవి దొరుకుతాయి. ఇక్కడా ఒక గొయ్యి ఉంది. డీజిల్ అనగానే మనవాళ్ళ కళ్ళు మెరుస్తాయి. లాగడంలో డీజిల్ రాజే, దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటే ప్రాణం హాయి. కానీ ఆ ఇంజన్ కూడా బరువే. ఈ తరగతిలో చాలా బండ్ల మొత్తం బరువు 10,000 పౌండ్లకి కట్టేసి ఉండడంతో, టాప్ ఎండ్ డీజిల్ 2500కి పేలోడ్ 2,000 దగ్గరే ఆగిపోవచ్చు. మన లెక్క 2,210 కదా, పెద్ద ట్రక్కు కొని కూడా మళ్ళీ మొదటికొచ్చామన్నమాట! డీజిలే కావాలంటే 3500కి వెళ్ళండి. బండి రైడు మోటుగా ఉంటుంది, మా ఆవిడకి నచ్చదు అంటారా, అయితే చిన్న క్యాంపర్ కొనండి. పోయేదేం లేదు, పక్కింటివాడి క్యాంపర్ కన్నా నాలుగడుగులు తక్కువుంటుంది. అంతే.

లైసెన్సు సంగతి కూడా ఎవరూ చెప్పరు. కాలిఫోర్నియాలో మామూలు క్లాస్ సి తో పది వేల పౌండ్లు దాటిన ట్రావెల్ ట్రైలర్ లాగకూడదు, వాణిజ్యేతర క్లాస్ ఏ కావాలి. అక్కడ ట్రైలరు కడితే వేగం 55 దాటకూడదు కూడా. హెచ్1బీ మీద ఉండి, టికెట్టు పడితేనే నిద్రపట్టని మనకి ఈ రూలు తెలియకపోవడం విచిత్రమే.

చివరగా, ఇప్పటికే కొనేసినవాళ్ళు. పత్తి లోడు కాటా వెయ్యకుండా జిన్నింగ్ మిల్లు వాడు దించుకోడు కదా, మీరూ కాటా వేయించండి. పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు ఉంటుంది, ఇరవై డాలర్ల లోపే. అందరూ ఎక్కి, నీళ్ళు నింపి, నిజంగా ప్రయాణమయ్యేటట్టే వెళ్ళండి. ముందు యాక్సిలు, వెనక యాక్సిలు, ట్రైలరు విడివిడిగా అంకెలిస్తాడు. తలుపు మీది ఇంకో స్టిక్కర్లో యాక్సిళ్ళ పరిమితులుంటాయి, పక్కన పెట్టి చూసుకోండి.

నాతో విభేదించేవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టొచ్చు. తిట్టేముందు ఒక్కసారి గ్యారేజీలోకెళ్ళి, తలుపు తెరిచి, పేలోడ్ అంకె చూసొచ్చి, ఇంట్లో ఎంతమందో, క్యాంపర్ బరువెంతో దాంతోపాటు వ్యాఖ్యలో రాయండి. కూడికలు నేనే చేసి పెడతాను.