చెవి కొసన చిన్న గాటు



రేపు ఉదయపు నడకకు వెళ్ళినప్పుడు మీ వీధిలోని కుక్కలను ఒక్క క్షణం గమనించండి. వాటిలో కొన్నింటికి చెవి కొసన చిన్న గాటు కనిపిస్తుంది. ఏదో పోట్లాటలో చెవి తెగినదని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కుక్కను ఎవరో పట్టుకొని, సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, కోలుకున్న తరువాత మళ్ళీ అదే వీధిలో విడిచిపెట్టారనడానికి అది గుర్తు. కుక్క మత్తులో ఉండగానే ఆ గాటు పెడతారు. ఒకసారి శస్త్రచికిత్స జరిగిన జీవాన్ని పొరపాటున రెండవసారి పట్టి బల్ల ఎక్కించకుండా ఉండడానికి ఈ ఏర్పాటు.

జీవితమంతా మనుషులకు వైద్యం చేసినవాడు కుక్క చెవి గురించి ఎందుకు వ్రాస్తున్నాడని మీకు సందేహం కలగవచ్చు. నా అభిప్రాయం సూటిగానే చెబుతాను. మన ఊళ్ళలోని జంతు సంరక్షణ సంస్థల పనిని మనం జాలిగుండె గలవారి వ్యాపకంగా భావిస్తున్నాము. అది పొరపాటు. ఆ పనిలో అధిక భాగం ప్రజారోగ్య సేవ. రోగి ఆసుపత్రి గుమ్మం తొక్కకముందే, ఆ రోగమే రాకుండా చేసే సేవ.

ఈ అభిప్రాయం నాకు పుస్తకాల వలన కలిగినది కాదు. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో ఒక సాయంత్రం ఎనిమిదేళ్ళ బాలుడిని తీసుకువచ్చారు. దాహమని ఏడుస్తున్నాడు. గ్లాసు నోటి దగ్గరకు తేగానే గొంతు కండరాలు బిగుసుకుపోయి, కళ్ళు పెద్దవి చేసి, గ్లాసును తోసివేస్తున్నాడు. పంకా గాలి తగిలినా అదే బాధ. అటువంటి రోగిని ఒకసారి చూసిన వైద్యుడు రెండవ పరీక్ష అడగడు. రెండు నెలల క్రితం పిల్లవాడి పిక్కపై వీధిలోని కుక్కపిల్ల ఒకటి కరిచిందని తల్లి చెప్పింది. సున్నం, కారం కలిపి పట్టువేశారు, మంత్రం వేయించారు. చిన్న గాయం, నాలుగు రోజులలో మానిపోయింది. కుక్కపిల్లే కదా అనుకున్నారు. మూడవనాటికి ఆ పడక ఖాళీ అయింది. తండ్రి నన్ను ఒక్కటే అడిగాడు: “అయ్యా, కరిచిన రోజే తీసుకువస్తే బ్రతికేవాడా?” బ్రతికేవాడు. ఆ మాట ఆయనతో చెప్పలేక ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

తరువాతి సంవత్సరాలలో ఆ ప్రశ్నను నాలో నేను ఎన్నోసార్లు వేసుకున్నాను. ఆ బాలుడిని కాపాడే అవకాశం రెండుసార్లు వచ్చింది. మొదటిది కరిచిన రోజున, కుళాయి దగ్గర, సబ్బు ముక్కతో. ఆ తరువాత ఆసుపత్రిలో టీకాతో. రెండవది అంతకన్నా ముందరిది. ఆ వీధిలోని తల్లికుక్కకు ఎవరైనా సమయానికి సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, చుట్టుపక్కల కుక్కలకు టీకా వేసి ఉంటే, ఆ కుక్కపిల్ల పుట్టేదీ కాదు, దానికి ఆ రోగం అంటేదీ కాదు. మొదటి అవకాశం వైద్యులది, తల్లిదండ్రులది. రెండవది జంతు సంరక్షకులది. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం మొదటి దాని గురించే మాట్లాడాను. విరమణ తరువాతగాని రెండవదాని విలువ నాకు తెలియలేదు.

విరమణ అనంతరం మా ప్రాంతంలోని ఒక జంతు సంరక్షణ సంస్థ వారు, తమ సిబ్బందికి రేబిస్ ముందస్తు టీకాలు వేయించే విషయమై సలహా అడిగారు. ఆ నెపంతో కొన్ని ఉదయాలు అక్కడ గడిపాను. తెల్లవారకముందే ఫోను మోగుతుంది. ఎక్కడో లారీ తగిలి కుక్క నడుము విరిగింది. ఇంకెక్కడో ఆవు మ్యాన్‌హోలులో కాలు ఇరుక్కొని నిలబడి ఉంది. సంక్రాంతి రోజులైతే మాంజా దారం రెక్కకు చుట్టుకొని చెట్టుకు వ్రేలాడుతున్న గ్రద్దలు, పావురాలు. (అదే దారం ద్విచక్ర వాహనదారుల గొంతులు కోయడం వైద్యులమైన మాకు తెలిసినదే.) పురుగులు పట్టిన పుండ్లను చిమటాతో ఓపికగా శుభ్రం చేయడం, గజ్జి పట్టిన కుక్కలకు మందు పూయడం, గదులు కడగడం, అన్నం వండడం సాయంత్రం వరకు సాగుతాయి. ప్లాస్టిక్ సంచులతో పొట్ట నిండిన ఆవులకు శస్త్రచికిత్స చేసి, తట్టల కొద్దీ చెత్తను బయటకు తీస్తారు. అది మన ఇళ్ళ నుండి ముడి వేసి పారవేసిన చెత్తే.

వీటన్నింటి నడుమ, ఎవరి కంటా పడకుండా సాగే పని మరొకటి ఉంది. బండి ఒక వీధికి వెళ్తుంది. కుక్కలను వలతో, వీలైతే చేతితో పట్టుకుంటారు. ఏ కుక్కను ఏ వీధిలో, ఏ ఇంటి దగ్గర పట్టారో పుస్తకంలో వ్రాస్తారు. రాత్రి ఆహారం పెట్టకుండా ఉంచి, మరునాడు మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేస్తారు. టీకా వేస్తారు, చెవికి గాటు పెడతారు. కుట్లు మానేవరకు కొన్ని రోజులు ఉంచుకొని, పుస్తకం చూసి అదే వీధిలో దింపివస్తారు.

“పట్టుకున్నదాన్ని మళ్ళీ మా వీధిలోనే ఎందుకు వదులుతారు?” అని మీరు అడగవచ్చు. కుక్కలు తమ హద్దును కాపాడుకునే జీవులు. ఒక వీధిలో ఆహారం దొరుకుతున్నంతకాలం అది ఖాళీగా ఉండదు. ఉన్నవాటిని తరలిస్తే, టీకా లేని కొత్త కుక్కలు ఆ చోటికి చేరి, మళ్ళీ సంతానం కంటాయి. టీకా పొందిన కుక్క అదే వీధిలో ఉంటే, దాని ఉనికే కొత్తవాటికి అడ్డు. పైగా శస్త్రచికిత్స అయిన ఆడకుక్క ఎదకు రాదు కనుక, ఎద కాలంలో గుంపులు కట్టి పోట్లాడడం తగ్గుతుంది. పిల్లలను కాచుకునే తల్లికుక్క కాట్లూ తగ్గుతాయి.

ఈ పద్ధతి మన దేశానికి కొత్త కాదు. 1959లో మద్రాసులో కెప్టెన్ వి. సుందరం స్థాపించిన బ్లూ క్రాస్ సంస్థ, చంపడం వలన కుక్కల సంఖ్య తగ్గదని వాదిస్తూ, 1960లలోనే సంతాన నియంత్రణను మొదలుపెట్టింది. హైదరాబాదులో అమల అక్కినేని 1992లో నెలకొల్పిన బ్లూ క్రాస్, విశాఖపట్నంలో 1996లో ఏర్పడిన విశాఖ జంతు సంరక్షణ సంఘం మన తెలుగు నేల మీద ఈ బాధ్యతను తలకెత్తుకున్నవే. ప్రభుత్వం 2001లో దీనిని నియమావళిగా ప్రకటించింది. 2023లో కొత్త నియమావళి వచ్చింది. దాని ప్రకారం కుక్కల సంతాన నియంత్రణ బాధ్యత పురపాలక సంఘాలది, పంచాయతీలది. అవి స్వయంగా గాని, గుర్తింపు పొందిన సంస్థల ద్వారా గాని చేయించాలి. అనగా సంరక్షణ సంస్థ చేస్తున్నది ప్రభుత్వం చేయవలసిన పనే.

ఇక్కడ ఒక లెక్కను మీరు గుర్తుంచుకోవాలి. మనుషులకు వచ్చే రేబిస్‌లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే వస్తుంది. ఒక ప్రాంతంలోని కుక్కలలో కనీసం 70 శాతానికి టీకా వేయగలిగితే, వాటి మధ్య రేబిస్ గొలుసు తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరంతటా అక్కడొకటి ఇక్కడొకటి చొప్పున వేస్తే ఆ ఫలితం రాదు. దడికి సగం కంప కట్టి వదిలేస్తే మేక ఆగుతుందా? అందుచేత ఒక వార్డు పూర్తిచేసి మరొక వార్డుకు వెళ్ళాలి. టీకాను గడువు ప్రకారం మళ్ళీ వేయాలి. రెండు గదులు, ఒక బండి, నలుగురు సిబ్బంది ఉన్న సంస్థకు అది శక్తికి మించిన భారం. 2030 నాటికి కుక్కల వలన వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని 2021లో కేంద్ర ప్రభుత్వం జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఆ లక్ష్యం కాగితం దిగి వీధిలోకి రావాలంటే ఇటువంటి బండ్లు, ఇటువంటి చేతులు ఎన్నో రెట్లు కావాలి.

రెండవ పక్షం వాదననూ నేను తోసిపుచ్చను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు కుక్కల దాడిలో మరణించాడు. ఆ దృశ్యాలు చూసిన ఏ తల్లి మనసైనా కుక్క పేరెత్తితేనే మండిపడుతుంది. ఆ కోపం న్యాయమైనది. “కుక్కల మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదా?” అని అడిగేవారిని క్రూరులనడం తప్పు. వీధిలో పిల్లవాడు భయం లేకుండా నడవగలగడం అతని హక్కు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఢిల్లీ విషయంలో ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ రెండింటినీ తూచింది. శస్త్రచికిత్స, టీకా పూర్తయిన కుక్కలను పట్టిన చోటే విడవాలన్నది. రేబిస్ సోకినవాటిని, ఉగ్రంగా ప్రవర్తించేవాటిని విడవరాదన్నది. ఆహారం పెట్టడానికి ప్రత్యేక స్థలాలు కేటాయించమన్నది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల పట్టినవాటిని తిరిగి అక్కడ వదలరాదని మరొక ఉత్తర్వు ఇచ్చింది.

కావున కుక్కల పక్షమా, మనుషుల పక్షమా అన్న తగవు వైద్యుడి దృష్టిలో అర్థం లేనిది. శస్త్రచికిత్స, టీకా జరిగిన కుక్క వలన మొదట లాభపడేది మన పిల్లలే. ప్రతి సాయంత్రం బిస్కట్లు పెట్టి, శస్త్రచికిత్సకు పట్టించవలసి వచ్చినప్పుడు మాత్రం “పాపం, కోయించకండి” అని అడ్డుపడేవారు కుక్కకూ మేలు చేయడం లేదు, పొరుగింటి పిల్లవాడికీ మేలు చేయడం లేదు. అన్నం పెట్టే చేతికి కుక్క లొంగుతుంది. ఆ చేతితోనే దానిని పట్టించి పంపండి. అలాగే మాంసపు వ్యర్థాలను వీధి చివర కుప్పపోసి, కుక్కలు పెరిగాయని ఫిర్యాదు చేసేవారు మొదట ఆ కుప్పను చూడాలి.

ఇక మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. మీ వీధిలో చెవి గాటు లేని కుక్కలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, సంస్థకు, పురపాలక సంఘానికి ఆ లెక్కను వ్రాతపూర్వకంగా ఇవ్వండి. “కుక్కలు ఎక్కువయ్యాయి” అన్న ఫిర్యాదు కన్నా ఆ లెక్క ఎంతో ఉపయోగం. పాత దుప్పట్లు, వార్తాపత్రికలు, బియ్యం ఇవ్వండి. పుట్టినరోజు నాడు ఒక కుక్క శస్త్రచికిత్సకయ్యే ఖర్చు భరించండి. ఆవు, గేదె వంటి పశువులు జబ్బుపడితే సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరు ఉన్నదని గుర్తుంచుకోండి. రక్షించబోయి మీరు కాటుకు గురికావద్దు. గాయపడిన జంతువు ఎంత సాధువైనా బాధలో కరుస్తుంది. చేయి పెట్టకుండా, దూరం నుంచి కాపలా ఉండి, సంస్థకు ఫోను చేయండి.

కరిస్తే ఏమి చేయాలో ప్రతి ఇంటిలోనూ తెలిసి ఉండాలి. ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడగండి. సున్నం, కారం, పసరు పూయవద్దు. కుట్లు వేయించడానికి తొందరపడవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ వేయించుకోవడం తప్పనిసరి. మొదటి ఇంజెక్షనుతో ఆగిపోకుండా, వైద్యుడు వ్రాసిచ్చిన తేదీలన్నీ పూర్తిచేయండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచే కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు, ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. కరిచిన కుక్కను పది రోజులు గమనించడం మంచిదే గాని, ఆ పది రోజులు టీకా కోసం ఆగవద్దు. పిల్లలకు మాత్రం ఈ ఒక్క మాట నేర్పండి: కుక్క గీరినా, కరిచినా ఇంట్లో చెబితే ఎవరూ కొట్టరు. దెబ్బలకు భయపడి దాచినవారి కథలు నాకు తెలుసు.

రేబిస్ లక్షణాలు కనిపించిన తరువాత వైద్యుడి చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఆ తండ్రి ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోవడానికి కారణం అదే. ఇప్పుడు వీధిలో చెవికి గాటున్న కుక్క ఎదురైనప్పుడల్లా, ఆ ప్రశ్న మరొక తండ్రి అడగవలసిన అవసరం రాకుండా ఎవరో ఒక రోజంతా శ్రమించారని నాకు అనిపిస్తుంది. మీ వీధిలో ఆ గాటు లేని కుక్కలు ఎన్ని ఉన్నాయి? రేపు ఉదయం లెక్కపెట్టండి.